ఇంటర్వ్యూ చేసిందెవరో చెప్పండి

(హైదరాబాద్‌లో కార్యాలయాలున్న టెక్నాలజీ కంపెనీల నియామక విభాగాధిపతులకు బహిరంగ లేఖ)



నేనొక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్స్ చూస్తాను. మీ దగ్గర్నుంచి మెయిల్ వస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టేది, కటాఫ్ చూసి పేర్లు వడగట్టేది, బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లకు సర్దిచెప్పేది నేనే. నియామకాల డ్రైవ్ అయిపోయాక ‘రిజల్ట్ ఎప్పుడొస్తుంది సార్?’ అని అడిగితే బదులు చెప్పాల్సిందీ నేనే. మిగతా పనులన్నీ ఎలాగో చేసుకొస్తున్నాను. ఈ చివరి పని మాత్రం నా చేతిలో లేదు. ఎందుకంటే ఆ సంగతి నాకూ ఎవరూ చెప్పరు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. మీ మెయిల్ అడుగున ‘దీనికి జవాబు పంపవద్దు’ అని రాసి ఉంటుంది.

ఒకప్పుడు డ్రైవ్ అంటే మీ మనుషులు వచ్చేవాళ్లు. పొద్దున్నే కారు దిగి, సెమినార్ హాల్లో కంపెనీ గురించి గంటసేపు చెప్పి, రాత పరీక్ష పెట్టి, మధ్యాహ్నం మా మెస్ భోజనమే తిని, చీకటి పడేదాకా ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడి, వెళ్లే ముందు పేర్లు చదివేవాళ్లు. పేరు లేనివాళ్లు ఏడ్చేవాళ్లు. ఏడ్చి, మర్నాటి నుంచి ఇంకో కంపెనీకి తయారయ్యేవాళ్లు. 2020లో కోవిడ్ వచ్చి అదంతా ఆగిపోయింది. తప్పనిసరై ఆన్‌లైన్‌కు మారారు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కోవిడ్ పోయింది. కాలేజీలు తెరిచారు. మీ ఉద్యోగుల్ని ఆఫీసులకు రావాల్సిందేనని పట్టుబట్టి రప్పించుకున్నారు కూడా. మా పిల్లల దగ్గరికి మాత్రం మీలో చాలామంది తిరిగి రాలేదు. లింకు పంపుతున్నారు.

ఆ లింకు తెరిస్తే లోపల ఏముంటుందో మీలో ఎక్కువమంది చూసి ఉండరని నా అనుమానం. కొని ఉంటారు, చూసి ఉండరు. కాబట్టి చెప్తాను.

తెర మీద అభ్యర్థికి తన ముఖమే కనిపిస్తుంది. అవతల ఎవరూ ఉండరు. ఒక ప్రశ్న అక్షరాల్లో వస్తుంది: మీకు ఎదురైన ఒక కష్టమైన పరిస్థితిని ఎలా దాటారో చెప్పండి, అని. ఇంగ్లీషులోనే లెండి. ఆలోచించుకోవడానికి ముప్పై సెకన్లు ఇస్తారు. మూలన అంకెలు తగ్గుతూ ఉంటాయి. తర్వాత ఎర్ర చుక్క వెలుగుతుంది, రెండు నిమిషాలు మాట్లాడాలి. తల ఊపేవాళ్లుండరు, ఊఁ కొట్టేవాళ్లుండరు. మనవాళ్లకు ఫోన్లో అవతలి మనిషి ఊఁ కొట్టకపోతేనే ‘వింటున్నావా?’ అని అడిగే అలవాటు. మా ఫైనలియర్ అమ్మాయి ఒకతి వచ్చి చెప్పింది: ‘నిమిషం పైన కాసేపటికే నా జవాబు అయిపోయింది సార్. మిగతా టైమంతా ఏం చెయ్యాలో తెలియక కెమెరా వైపు చూస్తూ నవ్వుతూ కూర్చున్నాను. ఆ నవ్వుకు మార్కులు కలుస్తాయా, పోతాయా?’ నాకు తెలియదమ్మా అన్నాను. మీకైనా తెలుసా?

ఆ రెండు నిమిషాల వెనక ఎంత ఏర్పాటు ఉంటుందో కూడా తెరలో కనిపించదు. కేపీహెచ్‌బీలోనో, ఎస్సార్ నగర్‌లోనో నలుగురుండే హాస్టల్ గదిలో ముగ్గురిని బయట మెట్ల మీద కూర్చోబెట్టాలి. తీగ మీద ఆరేసిన బట్టలు తీసెయ్యాలి. గోడ పెచ్చులు కనిపించకుండా వెనక దుప్పటి కట్టాలి. వైఫై నమ్మకం లేక ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవాలి. కరెంటు పోకుండా మొక్కుకోవాలి. ఇంటి నుంచి రాసేవాళ్లది ఇంకో కథ. అభ్యర్థిని కనిపెట్టి చూసే కాపలా సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటుంది కదా, వెనక అమ్మ కాఫీ గ్లాసుతో వస్తే ‘ఒకటి కంటే ఎక్కువ ముఖాలు’ అంటుంది. వంటింట్లో కుక్కర్ కూస్తే ‘ఇతర శబ్దాలు’ అంటుంది. ఆలోచిస్తూ పైకి చూస్తే ‘చూపు మళ్లింది’ అంటుంది. మనసులో లెక్క వేసేటప్పుడు పైకి చూడని పిల్లవాణ్ని నా సర్వీసులో చూడలేదు. విండోస్ అప్‌డేట్ కబురొకటి తెర మీదికి దూకితే ‘విండో మార్చారు’ అంటుంది. హెచ్చరికలు హద్దు దాటితే పరీక్ష దానంతటదే మూసుకుపోతుంది. గదిలో ఇన్విజిలేటర్ ఉంటే ‘నేను కాదు సార్’ అని చెప్పుకోవచ్చు. ఇక్కడ ఎవరితో చెప్పుకోవాలి? అనుమానం వచ్చిన వీడియోలను మనిషి చూసి నిర్ణయిస్తారని నిబంధనల్లో రాస్తారు. చూశామని మా పిల్లల్లో ఒక్కరికైనా కబురు వచ్చిన దాఖలా నా దగ్గర లేదు.

చిన్న విషయం ఒకటి, పక్కన పెట్టేద్దామనుకున్నా మనసొప్పలేదు. టెన్త్ మెమోలో ఉన్నట్టే పేరు ఎక్కించమంటారు. మన మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది. దాంతో మీ యంత్రం మా అబ్బాయికి ‘డియర్ చింతలపాటి’ అని రాస్తుంది. ఆ ఇంట్లో తాతతో సహా అందరూ చింతలపాటి వారే. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. పాతికేళ్లు పైబడి ఇక్కడే ఉంటూ, 2022–23 నాటికే ప్రభుత్వ లెక్క ప్రకారం తొమ్మిది లక్షల మందికి పైగా ఐటీ ఉద్యోగులున్న రాష్ట్రంలో మనుషుల్ని చేర్చుకుంటూ, ఇక్కడి పేరు ఎటు నుంచి మొదలవుతుందో ఇంకా తెలుసుకోలేదంటే ఏమనుకోవాలి?

మాట్లాడే ఇంగ్లీషుకు పెట్టే పరీక్ష మరొకటి. చెవిలో ఒక వాక్యం వినిపిస్తుంది, దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. చెప్పింది యంత్రమే విని మార్కు వేస్తుంది. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, కోడ్ చక్కగా రాసే పిల్లలు ఇక్కడ ఆగిపోవడం నేను ఏటా చూస్తున్నాను. వాళ్ల ఇంగ్లీషు బాగుందని నేను వాదించడం లేదు. విన్న యంత్రానికి మా యాస ఎంత తెలుసన్నదే నా ప్రశ్న. 2020లో అమెరికా పరిశోధకులు అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సంస్థల మాట గుర్తించే వ్యవస్థలను పరీక్షించి చూశారు. తెల్లవారి మాటల్లో నూటికి 19 తప్పుగా విన్న యంత్రాలు, నల్లవారి మాటల్లో నూటికి 35 తప్పుగా విన్నాయి. ఇద్దరిదీ పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషే! ఇక ఒంగోలు ఇంగ్లీషుకూ, కరీంనగర్ ఇంగ్లీషుకూ ఎంత నష్టం జరుగుతోందో మీరెవరూ మాకు లెక్క చూపించలేదు.

మనిషి ఉండే రౌండ్లూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అందులో మనిషి పాలెంత? అభ్యర్థి కెమెరా పెట్టి తీరాలి, ప్యానెల్ పెట్టక్కర్లేదు. అవతల రెండు ఇంగ్లీషు అక్షరాలున్న గుండ్రటి బిళ్ల ఒకటి కనిపిస్తుంది. పేరు చెప్పరు, ఏ టీమో చెప్పరు. ఇటు జవాబు చెప్తుంటే అటు కీబోర్డు టకటకలాడుతూ ఉంటుంది. నోట్సు రాసుకుంటున్నారో, తమ ఆఫీసు మెయిళ్లు చూసుకుంటున్నారో ఆ దేవుడికే తెలియాలి. నా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు బాగా అనుభవమున్నవాడు, ఒక టెక్నికల్ రౌండ్‌లో డేటాబేస్ గురించి వివరిస్తున్నాడట. అవతలి ఆయన మ్యూట్ చేయడం మరిచిపోయి, ఇంట్లోవాళ్లతో ‘ఆఁ, అయిపోవచ్చింది, చారు వేడి చెయ్యి’ అన్నాడట. అచ్చమైన గోదావరి యాస. మావాడిదీ ఆ పక్క ఊరే. మరుక్షణం మళ్లీ ఇంగ్లీషు, మళ్లీ అదే బిళ్ల. ‘ముఖం చూపించి, నీ పేరేంటి బాబూ అని ఒక్కసారి అడిగి ఉంటే నేను ఇంకా బాగా చెప్పేవాణ్ని సార్’ అన్నాడు వాడు. ఆ ప్యానెల్ ఆయన్నీ నేను తప్పుపట్టను. పొద్దుటి నుంచి తన పని తాను చేసుకున్నాక, భోజనం వేళ మీరు తెచ్చి నెత్తిన పడేసిన ఇంటర్వ్యూ అది. మీ లెక్కల్లో అది పని కిందికి రాదు.

ఇంకొందరైతే ఇంటర్వ్యూనే బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తున్నారు. అడిగే ఆయన మీ కంపెనీలో ఒక్కరోజూ పనిచేసినవాడు కాదు. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటాడు. ‘చేరితే నా పని ఏమిటండీ?’ అని అడిగితే తెలియదంటాడు. అలాంటప్పుడు ఎందుకు అడగమన్నట్టు?

ఇక ఫలితం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. పోర్టల్‌లో ‘పరిశీలనలో ఉంది’ అని ఉంటుంది. వారం, నెల, సెమిస్టర్ గడిచినా అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు అదే ఉద్యోగానికి అదే కంపెనీ కొత్త ప్రకటన వేస్తుంది. చాలా కాలేజీల్లాగే మా దగ్గరా ఒక విద్యార్థికి ఒక ఆఫర్ అనే నియమం ఉంది, అందరికీ అవకాశం రావాలని. మీ దగ్గర ఫలితం తేలని పిల్లను తర్వాతి డ్రైవ్‌కు పంపాలా, వద్దా? పంపితే, మీరు తీసుకున్నట్టు తేలిన రోజున ఇంకొకరి సీటు పోయినట్టే. పంపకపోతే, మీరు తీసుకోలేదని తేలిన రోజున ఈ పిల్లకు రెండూ పోయినట్టే. ‘తీసుకోవడం లేదు’ అన్న ఒక్క ముక్క మీరు చెప్పకపోవడం వల్ల, పిల్లల మధ్య ఈ తీర్పు నేను చెప్పాల్సి వస్తోంది. అనుభవమున్న వాళ్ల బాధ ఇంకో రకం. నోటీస్ పీరియడ్ మూడు నెలలు, మీరు ‘త్వరలో చెప్తాం’ అంటారు, అక్కడ రాజీనామా పెట్టాలా వద్దా తేలదు. నాలుగు రౌండ్లు మాట్లాడిన మనిషికి నాలుగు మాటల కబురు పంపడానికి ఏ సాంకేతిక అడ్డంకి ఉందో, యాప్‌లు తయారుచేసే మీరే చెప్పాలి.

మా పిల్లలు సర్కారు పరీక్షల్నీ తిడతారు. ఏళ్లు పడుతుందంటారు, కోర్టు కేసులంటారు. అది నిజమే. కానీ అక్కడ కీ బయట పెడతారు, అభ్యంతరాలకు గడువు ఇస్తారు, సివిల్స్‌లో తప్పినవాడికీ తన మార్కులు తెలుస్తాయి. యూపీఎస్సీ ఇంటర్వ్యూకు 275 మార్కులు. అందులో తనకెన్ని వచ్చాయో చూసుకుని, ఎక్కడ తగ్గిందో అర్థం చేసుకుని, మళ్లీ రాసేవాళ్లున్నారు. మీ దగ్గర తప్పినవాడికి తాను తప్పింది కోడ్‌లోనా, మాటలోనా, నెట్ స్పీడులోనా అన్నది కూడా తెలియదు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒక్క బటన్ నొక్కితే అప్లికేషన్ పడిపోయే రోజులివి. ఒక పోస్టుకు వేల రెజ్యూమేలు వచ్చి పడతాయి, వాటిలో సగం చాట్‌జీపీటీ రాసినవే అయి ఉంటాయి. లేని అనుభవాన్ని అమీర్‌పేట్‌లో కాగితం మీద తెప్పించుకోవచ్చని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రాక్సీల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెర ముందు పెదాలు ఒకరివి, మాట ఇంకొకరిది. చేరిన రోజున ఇంకో మనిషి వస్తాడు. ఆ పని చేసేవాళ్లను నేను వెనకేసుకు రాను. ఒకడి ప్రాక్సీ వల్ల మా కాలేజీ పేరే మీ లిస్టులోంచి ఎగిరిపోతుంది, నష్టపోయేది వాడి జూనియర్లు.

అయితే ఒక మాట అడగనివ్వండి. గదిలోంచి ముందుగా లేచి వెళ్లిపోయిందెవరు? ఎదురుగా కూర్చుని పావుగంట మాట్లాడే మనిషి ఉన్నంతకాలం ఒకరి బదులు ఒకరు రావడం అంత తేలిక కాదు. మీరు ఆ మనిషిని తీసేశారు. ప్రశ్న యంత్రానిది, వినేది యంత్రం, మార్కు యంత్రానిది అయినప్పుడు, జవాబు కూడా యంత్రానిదే అయితే ఏం పోయిందని కుర్రాళ్లు అనుకున్నారు. 2025లో కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి ఒకడు, కోడింగ్ ఇంటర్వ్యూలో అవతలివాళ్లకు కనిపించకుండా జవాబులు అందించే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, దాంతోనే పెద్ద కంపెనీల ఆఫర్లు సంపాదించానని బాహాటంగా చాటాడు. యూనివర్సిటీ వాళ్లు చర్య తీసుకున్నారు, పెట్టుబడిదారులేమో డబ్బు పెట్టారు. అదే ఏడాది గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్, కనీసం ఒక రౌండైనా ముఖాముఖి జరిగేలా చూస్తున్నామని చెప్పారు. అంటే, కాపలా సాఫ్ట్‌వేర్‌కు మందు మరింత కాపలా సాఫ్ట్‌వేర్ కాదని ఆ స్థాయిలో కూడా ఒప్పుకున్నట్టే.

యంత్రానికి పక్షపాతం ఉండదని అమ్మేవాళ్లు మీకు చెప్పి ఉంటారు. అమెజాన్ రెజ్యూమేలు వడగట్టడానికి ఒక యంత్రాన్ని తయారుచేసుకుంది. పాత నియామకాల్లో మగవాళ్లే ఎక్కువ కాబట్టి, రెజ్యూమేలో మహిళల కాలేజీ, మహిళల క్లబ్బు లాంటి మాట కనిపిస్తే అది మార్కులు తగ్గించడం నేర్చుకుంది. ఆ ప్రయత్నాన్ని వదిలేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. వీడియో ఇంటర్వ్యూల్లో పేరు మోసిన హైర్‌వ్యూ సంస్థ, అభ్యర్థి ముఖ కవళికలను కూడా యంత్రంతో కొలిచేది. మన సాముద్రికం చెప్పేవాళ్లు ఇన్నాళ్లూ చేసిన పని అదే, కాకపోతే వాళ్లు దక్షిణ తక్కువ పుచ్చుకునేవాళ్లు. 2019లో ఒక పౌరహక్కుల సంస్థ ఫిర్యాదు చేసింది, 2021 జనవరిలో ముఖ విశ్లేషణ మానేశామని హైర్‌వ్యూ ప్రకటించింది. అప్పటిదాకా ఆ కొలతకు దొరికి తప్పినవాళ్లను తిరిగి పిలిచి మాట్లాడినట్టు మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఇంతకీ పాత ఇంటర్వ్యూలు స్వర్గమని నేను అనడం లేదు. అక్కడ కూర్చున్న పెద్దమనుషులు ‘మీదే ఊరు? పూర్తి పేరేంటి? నాన్నగారేం చేస్తారు?’ అని మూడు ప్రశ్నల్లో కులం తేల్చుకోవడం నేను కళ్లారా చూశాను. ఆడపిల్లను ‘పెళ్లెప్పుడు?’ అని అడగడం విన్నాను. ఫలానా కాలేజీ వాడా, ఫలానావారి బంధువా అన్నది నడిచేది. పేరు చూడని పరీక్ష వల్ల బాగుపడ్డ పిల్లలూ ఉన్నారు. టీసీఎస్ జాతీయ అర్హత పరీక్ష లాంటివి వచ్చాక, కంపెనీలు గడప తొక్కని కాలేజీల వాళ్లకూ దారి దొరికింది. ఆ మేలు పోగొట్టుకోవాలని నాకు లేదు. రాత పరీక్షను ఆన్‌లైన్‌లోనే పెట్టండి, రెజ్యూమేలో ఇంటిపేరు, ఊరు దాచేయండి, నేనే సంతోషిస్తాను. మనిషి కూర్చున్నంత మాత్రాన న్యాయం జరగదు. అతను ఏం అడగాలో ముందే రాసిపెట్టి ఉండాలి. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూయే ఉద్యోగంలో పనితీరును బాగా ముందే అంచనా వేయగలుగుతోందని పాత అధ్యయనాలను మళ్లీ లెక్కగట్టి 2022లో పారిశ్రామిక మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. అలాంటి ఇంటర్వ్యూకు యంత్రం అక్కర్లేదు, ఒక కాగితం చాలు.

నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో చేసిన చిన్న ప్రయోగం ఒకటి మీరు చూసే ఉంటారు. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు బోర్డు మీద చేసే ఒక లెక్క ఇచ్చారు. కొందరిని పక్కన మనిషి చూస్తుండగా, తమ ఆలోచనను పైకి చెప్తూ చెయ్యమన్నారు. మిగతావాళ్లను ఒంటరిగా వదిలేశారు. చూస్తుండగా చేసినవాళ్ల పనితీరు సగానికి సగం పడిపోయింది. చూస్తుండగా చేసిన ఆడపిల్లల్లో ఒక్కరూ గట్టెక్కలేదు, ఒంటరిగా చేసిన ఆడపిల్లలంతా గట్టెక్కారు. సంఖ్య చిన్నది, దాన్నిబట్టి పెద్ద సిద్ధాంతాలు చెయ్యకూడదు. కానీ నేను కోరే మనిషి ఎలాంటివాడో ఇది చెప్తుంది. నెత్తి మీద నిలబడి కాపలా కాసేవాడు కాదు. ఆ పని మీ సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కావలసినదానికంటే ఎక్కువ చేస్తోంది. అభ్యర్థిని కాసేపు తన మానాన వదిలి, కోడ్ రాసుకోనిచ్చి, తర్వాత ఎదురుగా కూర్చుని ‘ఇది ఇలా ఎందుకు రాశావు?’ అని అడిగే మనిషి. ప్రాక్సీ పెట్టినవాడు ఆ ఒక్క ప్రశ్నకే దొరికిపోతాడు. పైగా ఆరేడు రౌండ్లూ అక్కర్లేదు. గూగుల్ తన సొంత నియామకాలను లెక్కగట్టుకుని, నాలుగు ఇంటర్వ్యూలు చాలని, ఆపైన చేసేవాటి వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదని ఎప్పుడో చెప్పింది.

ఇదంతా ఖర్చు, కుదరదు అంటారేమో. మీలో చాలామందికి వేరే ఊళ్లలో కుదురుతోంది. న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి, నియామకానికి యంత్రాన్ని వాడే కంపెనీ ఏటా బయటివాళ్ల చేత పక్షపాత తనిఖీ చేయించి ఆ ఫలితం ప్రచురించాలి, అభ్యర్థికి పది పనిదినాల ముందే చెప్పాలి. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2020 నుంచే, వీడియో ఇంటర్వ్యూను ఏఐతో విశ్లేషిస్తుంటే అది ఎలా పనిచేస్తుందో వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి, అభ్యర్థి అడిగితే ముప్పై రోజుల్లో వీడియో తుడిచేయాలి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టం నియామకాల యంత్రాలను అధిక ప్రమాద వర్గంలో పెట్టింది, పనిచేసే చోట మనుషుల ఉద్వేగాలను యంత్రంతో పసిగట్టడాన్ని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. కెనడాలోని ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి, 25 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న ఏ సంస్థయినా ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థికి 45 రోజుల్లోగా నిర్ణయం సంగతి తెలియజేయాలి, వడపోతకు ఏఐ వాడుతుంటే ప్రకటనలోనే చెప్పాలి.

మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలో బోర్డులున్న మీలో ఎందరో టొరంటోలోనూ న్యూయార్క్‌లోనూ అవే బోర్డులు పెట్టుకున్నారు. అక్కడి కుర్రాడికి నలభై అయిదు రోజుల్లో చెప్పగలిగినది ఇక్కడి కుర్రాడికి ఎందుకు చెప్పలేరు? ఇక్కడ చట్టం అడగలేదు, అంతే. మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. యంత్రం తీసుకున్న నిర్ణయానికి కారణం అడిగే హక్కు అందులో విడిగా ఇవ్వలేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలకూ ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. స్థలం, రాయితీలు ఇచ్చేటప్పుడు ఎన్ని ఉద్యోగాలిస్తారని అడుగుతున్నారు. ఎలా ఇస్తారని కూడా ఒక మాట అడగమని మనవి.

అంతదాకా ఆగకుండా, మీరు మీ అంతట మీరే చేయగలిగినవి చాలానే ఉన్నాయి. యంత్రంతో మార్కులు వేస్తుంటే ఆ సంగతి డ్రైవ్ మెయిల్‌లోనే రాయండి, ఏవి చూస్తుందో, ఏవి చూడదో కూడా రాయండి. నవ్వుకు మార్కులున్నాయో లేదో మా అమ్మాయికి నేను చెప్పుకుంటాను. మనిషి చూడకుండా ఎవరినీ తీసేయకండి. యంత్రం మోసమన్న ప్రతి వీడియోనూ ఒకరు చూసి సంతకం పెట్టాలి. ఇంటర్వ్యూ చేసేవారు కెమెరా పెట్టి, పేరు, పని చెప్పి మొదలుపెట్టాలి. ఆ గంటను వాళ్ల పనిగంటల్లో లెక్క వేయండి. అందరికీ వివరంగా కారణాలు చెప్పలేరు, ఒప్పుకుంటాను. కానీ ఇంటర్వ్యూ దాకా వచ్చినవాళ్లకు ‘అవును’, ‘కాదు’ అన్న రెండింటిలో ఒకటి నెల రోజుల్లో చెప్పవచ్చు. ఏ విభాగంలో తగ్గిందో ఒక్క వాక్యం చేర్చవచ్చు.

మా వంతు కూడా చెప్తాను. జిల్లాకు ఒక చోట కాలేజీలన్నీ కలిసి డ్రైవ్ పెట్టుకోవచ్చు. గదులు, ల్యాబ్‌లు, జనరేటర్, నెట్ మేం చూసుకుంటాం. మీరు ఒక్క రౌండ్‌కు మనుషుల్ని పంపితే చాలు. గుర్తింపు కార్డులు సరిచూసి కూర్చోబెట్టడం మా పని. ప్రాక్సీ పెట్టినట్టు తేలినవాళ్లను మిగతా డ్రైవ్‌లన్నిటి నుంచి తప్పించే పూచీ మాది. తప్పుగా పట్టుబడినవాళ్ల ఫిర్యాదు వినడానికి మీ కంపెనీ తరఫున ఎవరు బాధ్యులో, ఆ పేరూ ఫోన్ నంబరూ ఈ ఏటి డ్రైవ్‌లు మొదలయ్యేలోగా కాలేజీలకు పంపండి.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్

ప్రతులు: నాస్కామ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల ఐటీ శాఖలు